తాళ్లపాక అన్నమాచార్యులు

పాశ్చాత్య దేశములలో ఆఱేడు వందల సంవత్సరముల నాటి పాటలను ఆ కాలపు వాద్యములతోనే వినిపించు గాయక బృందములు కలవు. మఠములలో సన్న్యాసులు పాడిన స్తోత్రములును, పల్లెలలో జనులు పాడుకొన్న పదములును వారి కచేరీలలో ప్రక్కప్రక్కనే వినవచ్చును. అట్టి కచేరి యొకటి మన తెలుగునాట జరుపవలెనన్నచో మొట్టమొదట స్మరింపవలసినవారు తాళ్లపాక అన్నమాచార్యులు. కావున వారి చరిత్రమును మా బాలబాలికల కొఱకు ఇచట సంగ్రహముగా చెప్పబూనితిమి.

అన్నమాచార్యులు 1408వ సంవత్సరమున కడప సీమయందు, రాజంపేటకు సమీపమున నున్న తాళ్లపాక గ్రామమున జన్మించిరి. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. వీరి మనుమడు చిన్నన్న తాతగారి చరిత్రమును ద్విపద కావ్యముగా రచించెను. మనకు తెలిసిన కథలలో పెక్కులు దానినుండి వచ్చినవే. ఎల్లప్పుడు పాడుకొనుచుండు ఈ పిల్లవానిని ఇంటివారొకనాడు గడ్డి కోసికొని రమ్మని పంపగా, కొడవలి చిటికెనవ్రేలికి తగిలెననియు, అంతలో తిరుమల యాత్రికులు ఆ దారిని పోవుచుండ వారితో కలిసి వెడలిపోయెననియు అందు చెప్పబడినది. ఇది చదివి మా విద్యార్థులెవ్వరును గడ్డి కోయుట మాని ఇల్లు విడువకుందురు గాక!

పదునాఱవ యేట, అనగా 1424లో, వారు సంకీర్తన రచన ప్రారంభించి, 1503లో దేహము చాలించు వఱకును దినమునకొక్క పాటకు తక్కువ గాకుండ రచించిరని చెప్పుదురు. మొత్తము 32,000 సంకీర్తనలని ప్రసిద్ధి. లెక్కల యందు ఆసక్తిగల విద్యార్థులు గుణించి చూడవచ్చును: 79 సంవత్సరములకు దినములు 28,800 పైచిలుకు. సంఖ్య అతిశయోక్తివలె తోచినను నియమమునకు సరిపోవుచునే యున్నది. జ్వరము వచ్చిన దినములును, ప్రయాణముచే డస్సిన దినములును ఈ లెక్కలోనివే గదా!

వీరి పాటలలో పండితులు మెచ్చు గంభీర కీర్తనలేగాక, బిడ్డలను నిద్రపుచ్చు జోలలు, వడ్లు దంచువారి సువ్విపాటలు, గొబ్బిపాటలు, కోలాటములు, ఏలలు, జాజరలు కూడ కలవు. స్త్రీలు రోకలి చేతబట్టి పాడుకొను వరుసలను దేవాలయమునకు తెచ్చి నిలిపినవారు వీరు. ఉచ్చనీచ భేదములను వీరు నిర్భయముగా గర్హించిరి. వారి యింట విద్య యొక్క పురుషులకే పరిమితమై యుండలేదు. వారి భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణమను కావ్యమును రచించినది. మా బాలికలు ఈ పేరును గుర్తుంచుకొందురు గాక.

ఇక వారి జీవితమున కెల్ల కఠినమైన పరీక్ష. సాళువ నరసింహుడు, తరువాత 1485లో విజయనగర సింహాసనము నెక్కినవాడు, అన్నమాచార్యులకు మిత్రుడై, వారిని తన యాస్థానమునకు రప్పించుకొని గౌరవించుచుండెను. దేవునిపై వారు పాడిన యొక శృంగార సంకీర్తనమును విని ముగ్ధుడై, అట్టిదే తనపై నొకటి చెప్పుమని కోరెను. కోరినవాడు శత్రువైనచో కాదనుట సులభము. ఇచట కోరినవాడు అన్నము పెట్టిన మిత్రుడు. ఐనను అన్నమాచార్యులు చెవులు మూసికొని, హరిని కీర్తించు నాలుక నరుని కీర్తింపదని నిరాకరించిరి. రాజు కోపించి వారిని సంకెలలు వేయించి చెఱలో బెట్టించెను. వారు చెఱలో పాడగా సంకెల వీడెననియు, రాజు పశ్చాత్తప్తుడై క్షమింపవేడెననియు చిన్నన్న వ్రాసెను. సంకెల యెట్లు వీడినను, సంకెల పడునని యెఱిగియు కాదని పలికిన ఆ క్షణమే మాకు మిక్కిలి యాశ్చర్యకరముగ నున్నది.

వారి యనంతరము కుమారుడు పెదతిరుమలాచార్యుడు మొదలగు వంశీయులు తండ్రితాతల పాటలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమను చిన్న రాతిగదిలో భద్రపఱచిరి. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్ దొర, ప్రాచీన వ్యాకరణ మొకటి తిరుమల రాగిరేకులపై నున్నదని విని, వానికి ప్రతులు వ్రాయించెను. తీఱ చూడగా అవి దైవస్తుతి పాటలు! పాపము, ఆయన నిరాశ చెందెను. చేతికందిన నిధిని గుర్తింపలేక పోయెనని మనమిప్పు డనుకొనుట సులభమే. మఱల 1922 ప్రాంతమున రమారమి 2,500 రేకులు వెలుగులోనికి వచ్చినవి. వానినుండి వంశీయుల పాటలతో గూడ సుమారు 14,000 పాటలు మనకు దక్కినవి. శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, శ్రీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగువారు వానిని పరిష్కరించుటకు మిక్కిలి శ్రమించిరి. చిన్నన్న కావ్యమును శాస్త్రిగారు 1949లో విపులమైన పీఠికతో ప్రకటించిరి.

కాని ఒక కొఱత మిగిలినది. ఐరోపాలో పదునొకండవ శతాబ్దముననే గైడో అను సన్న్యాసి గీతలపై స్వరములు గుర్తించు పద్ధతిని నెలకొల్పెను. కావుననే అచటి ప్రాచీన గీతములను నేటికిని చూచి పాడగలరు. మన రేకులపై నున్నది పాట, దాని శిరస్సున రాగము పేరు, అంతియే. మన ఆంధ్రక్రైస్తవ కీర్తనల పుస్తకమున రాగముతోపాటు తాళము కూడ వ్రాయబడియున్నను, ఎన్నడును వినని కీర్తనను దానిని బట్టి మాత్రమే పాడజూచిన విద్యార్థికి ఈ చిక్కు తెలియును. పైగా ఆబాలి, కొండమలహరి, అమరసింధు వంటి రాగములు కాలక్రమమున వాడుక తప్పినవి.

నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కులు ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లివారును, వారి తరువాత మఱికొందఱు విద్వాంసులును కూర్చినవి. అన్నమాచార్యులు ఆ రాతిగది దాపున తంబుర మీటుచు ఏ వరుసను పాడిరో ఆ వరుస మాత్రము రేకులకెక్కలేదు.