పూసపాటివారి కాశీశాఖ: మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు

విజయనగర సంస్థానమనగానే సాహితీపరులకు ముందుగా స్ఫురించేవి ఆనందగజపతి ఆస్థానం, గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు, సంస్కృత కళాశాల. అదే వంశంలో జన్మించి, తనకు దక్కిన సంపదను గ్రంథాలమీద కాక క్రికెట్టు ఆటమీద వెచ్చించినవాడు విజయానంద గజపతిరాజు. క్రీడాలోకం ఈయనను విజ్జీ అనే ముద్దుపేరుతో ఎరుగును. ఆంగ్లంలో వెలువడిన క్రికెట్టు చరిత్రలలో ఈయన చాలవరకు పరిహాసపాత్రుడు. ఆ పరిహాసం నిరాధారమైనది కాదు. అయితే వంశచరిత్రనుండి విడదీసి చూచినందువల్ల అది అసమగ్రంగా మిగిలిందని చెప్పక తప్పదు.

పూసపాటివారు వశిష్ఠగోత్రులైన క్షత్రియులు. వీరి ఇంటిపేరు కృష్ణాతీరంలోని పూసపాడు గ్రామాన్నిబట్టి వచ్చింది. 1713లో విజయనగర దుర్గానికి శంకుస్థాపన జరిగింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట పతనమైన పిమ్మట పెదవిజయరామరాజు తాండ్ర పాపారాయుని చేత హతుడైన వృత్తాంతం తెలుగునాట పాటగాను, కథగాను ప్రసిద్ధమే. 1794 జూలై 10న పద్మనాభం వద్ద కుంపిణీ సేనలతో పోరాడి చినవిజయరామరాజు వీరమరణం పొందినాడు. ఆ యుద్ధంతో పూసపాటివారి సైనికచరిత్ర ముగిసింది. ఆ తరువాత వారు కత్తి విడిచి కిస్తులు చెల్లించే జమీందారులైనారు. చినవిజయరామరాజు కుమారుడు నారాయణబాబు చివరిదశలో కాశీవాసం స్వీకరించి, 1845లో అక్కడనే దేహం చాలించినాడు. ఈ కాశీ సంబంధమే శతాబ్దం తరువాతి మన కథానాయకుని జీవితాన్ని నిర్ణయించింది.

రణరంగంలో స్థానం లేని రాజవంశానికి కీర్తిమార్గం వితరణ ఒక్కటే. 1860లో విజయనగరంలో సంస్కృత కళాశాల వెలసింది. కాశీలో విజయనగర సంస్కృత గ్రంథమాల ప్రచురణ సాగింది. మాక్సుముల్లరు పరిష్కరించిన సాయణభాష్యసహిత ఋగ్వేదం రెండవ ముద్రణ 1890-92 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువడడానికి ఆనందగజపతి ధనసాహాయ్యమే ఆధారం. కన్యాశుల్కం అంకితమందుకొన్నవాడూ ఆయనే. సంతానం లేని ఆనందగజపతి 1897లో దివంగతుడైన తరువాత దత్తతద్వారా సంస్థానానికి వచ్చిన విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాలను నెలకొల్పి, నారాయణదాసును అధ్యక్షునిగా నియమించినాడు.

ఆ విజయరామ గజపతికి ద్వితీయపుత్రుడుగా 1905 డిసెంబరు 28న విజయానందుడు జన్మించినాడు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హైలీబరీలోను చదువుకొన్నాడు. 1922లో తండ్రి మరణించగా విజయనగర గద్దె జ్యేష్ఠశాఖకు చెందింది. అవిభాజ్య సంస్థానాలలో రెండవ కుమారుని స్థితి విచిత్రమైనది. ఐశ్వర్యానికి లోటుండదు, అధికారం మాత్రం ఉండదు. మహారాజు ఎన్నటికీ కాలేడు, ఎన్నేండ్లు వచ్చినా రాజకుమారుడే. ఆయన పేరులోని మహారాజకుమార్ అనే మాట బిరుదుగా కనిపించినా, నిజానికి ఒక హద్దు. కాశీపురం రాజపుత్రికను వివాహమాడి, కాశీలోని కుటుంబ ఆస్తులకు అధిపతియై ఆయన అక్కడనే స్థిరపడినాడు.

1926లో కాశీ భవనప్రాంగణంలో క్రీడామైదానం సిద్ధమైంది, స్వంత జట్టు ఏర్పడింది. అప్పటికి పాఠశాల విద్యార్థిగా ఉన్న ముష్తాక్ అలీని పిలిపించి, ఆశ్రయమిచ్చి, శిక్షణ ఇప్పించినాడు. 1930-31లో రాజకీయ పరిస్థితులవల్ల ఇంగ్లండు జట్టు రాక ఆగిపోయినప్పుడు స్వంత ఖర్చుతో జట్టును కూర్చి భారతదేశంలోను, సింహళంలోను పర్యటన జరిపించినాడు. అంతకుముందు ఎన్ని ఆహ్వానాలు వచ్చినా ఈ దేశానికి రాని జాక్ హాబ్సు, ఆయనతోపాటు హెర్బర్టు సట్‌క్లిఫ్ ఆ జట్టులో ఆడినారు. 1933-34లో జార్డిను నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు జట్టు ఆ పర్యటనలో ఒక్కసారే ఓడిపోయింది. ఓడించినది కాశీలో విజ్జీ జట్టే, తేడా 14 పరుగులు. పండితులను రప్పించి సత్కరించిన తాతల పద్ధతికి ఇది భిన్నమైనది కాదు. పాత్రత గుర్తించడంలో మనుమనికీ లోటు లేదు.

లోపమంతా మరొకచోట ఉన్నది. ఆనందగజపతి కృతిభర్తగా నిలిచినాడే కాని గురజాడ చేతిలోని కలం లాగుకొనలేదు. విజయానందుడు పోషకత్వంతో తృప్తి చెందలేదు. కృతిభర్త స్థానంతోపాటు కృతికర్త స్థానాన్ని కూడా కోరినాడు.

ఇక్కడ 1932 నాటి సంఘటన పోల్చదగినది. ఆ ఏడు ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు పోరుబందరు మహారాజు నాయకుడు. లార్డ్సు మైదానంలో భారతదేశపు ప్రథమ టెస్టు ఆడవలసివచ్చినప్పుడు ఆయన తన శక్తిని తానెరిగి తప్పుకొన్నాడు. అందువల్ల నాయకత్వం కొట్టారి కనకయ్య నాయుడికి దక్కింది. నాగపూరులో పుట్టిపెరిగినా నాయుడు తెలుగు కుటుంబీకుడే. నాలుగేండ్ల తరువాత నాయుడు జట్టులో ఉండగానే ఆ స్థానంలో కూర్చున్నది మరొక తెలుగువాడు, మన విజయానందుడు. ఈసారి ఎవరూ తప్పుకోలేదు.

1936 పర్యటనలో మూడు టెస్టులకు ఆయనే నాయకుడు. ఆరు ఇన్నింగ్సులలో కలిపి చేసినవి 33 పరుగులు, సగటు 8.25. రెండు టెస్టులలో జట్టు తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడిపోయింది. మాంచెస్టరులో విజయ్ మర్చంటు, ముష్తాక్ అలీ తొలి వికెట్టుకు 203 పరుగులు చేసినందున ఆ ఆట సమంగా ముగిసింది. జట్టులో వర్గాలు ప్రబలినాయి. ఎసెక్సు జట్టుమీద రెండు ఇన్నింగ్సులలోను శతకాలు సాధించిన లాలా అమర్‌నాథ్, బ్యాటింగు వరుసలో తనను వెనుకకు నెట్టినందుకు కోపించి పరుషంగా మాట్లాడినాడు. మొదటి టెస్టుకు ముందే ఆయనను స్వదేశానికి పంపివేసినారు. దీనిపై బొంబాయి హైకోర్టు ప్రధానన్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంటు అధ్యక్షతన విచారణసంఘం ఏర్పడింది. క్షేత్రరక్షకులను నిలపడం, బౌలర్లను మార్చడం నాయకునికి తెలియలేదని, బ్యాటింగు వరుసకు స్థిరత్వం లేదని ఆ సంఘం 1937లో తేల్చింది. విచిత్రమేమంటే ఆ పర్యటన కాలంలోనే ఆయనకు సర్ బిరుదం లభించింది. ఈ పర్యటన గురించి ప్రచారంలో ఉన్న వినోదకథలు పెక్కు. సహక్రీడాకారుల జ్ఞాపకాలు తప్ప వాటికి వేరు ఆధారం కనిపించనందున వాటిని ఇక్కడ గ్రహించలేదు. వాటి సాయం లేకనే తీర్పు స్పష్టంగా ఉన్నది.

ఇంగ్లీషు రచయితల కథ సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. మిగిలిన ముప్పది సంవత్సరాలను వారు రెండు వాక్యాలలో దాటివేస్తారు. 1937లో ఛత్తారి నవాబు ఏర్పరచిన తాత్కాలిక మంత్రివర్గంలో ఆయన కొద్దినెలలు సంయుక్తరాష్ట్ర మంత్రిగా ఉన్నాడు. 1947లో సర్ బిరుదాన్ని త్యజించినాడు. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలోని జమీందారీలు రద్దుకాగా విజయనగర సంస్థానమూ అంతరించింది. పోషకులుగా ఉన్న రాజులు పోయిన ఆ కాలంలో విజయానందుడు క్రికెట్టు పాలనవైపు తిరిగినాడు. 1954 నుండి 1956 వరకు భారత క్రికెట్టు మండలికి అధ్యక్షుడు.

ఈ దశలో రెండు పనులు గమనింపదగినవి. 1952లో మండలి ఉపాధ్యక్షునిగా ఉంటూ, అమర్‌నాథ్‌కు భారతజట్టు నాయకత్వం తిరిగి దక్కడానికి ప్రధానకారకుడైనవాడు, పదహారేండ్లకు ముందు ఆయననే ఓడ ఎక్కించి పంపిన విజ్జీ. 1956-57లో అరువదియొక్క ఏండ్ల కనకయ్య నాయుడిని రప్పించి ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకు నాయకత్వం అప్పగించినవాడూ ఆయనే. తాను ఒకనాడు ఆక్రమించిన స్థానాలను ఒక్కొక్కటిగా వాటి హక్కుదారులకు అప్పగించినట్లున్నది. ఇది పశ్చాత్తాపమో, రాజకీయ చాతుర్యమో నిర్ణయించడం కష్టం. రెండూ కావచ్చును. ఫలితం మాత్రం ఆయన పూర్వులు చేసినటువంటిదే. అర్హుని పీఠంమీద కూర్చుండబెట్టి తాను పక్కన నిలవడం యాభై ఏండ్లు సమీపిస్తుండగా ఆయనకు అబ్బింది.

1958లో పద్మభూషణ పురస్కారం వచ్చింది. రేడియో వ్యాఖ్యాతగా కూడా ఆయన కంఠం సుపరిచితమైనది. 1962లో విశాఖపట్నంనుండి లోక్‌సభకు ఎన్నికై, పదవిలో ఉండగానే 1965 డిసెంబరు 2న కాశీలో మరణించినాడు. నారాయణబాబు కన్నుమూసిన నగరమే అది. షష్టిపూర్తికి అప్పటికి ఇంకా ఇరువదియారు దినాలు మిగిలి ఉన్నవి. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పేరిట వెలసినదే.