మితవాది మైత్రి: శ్రీనివాసశాస్త్రిగారి జీవితము

1869వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన తంజావూరు మండలమందలి వలంగైమాన్ గ్రామమున ఒక పేద బ్రాహ్మణ కుటుంబమున వి. యస్. శ్రీనివాసశాస్త్రిగారు జన్మించిరి. పదిదినముల పిమ్మట పోరుబందరులో గాంధీజీ జన్మించిరి. సమవయస్కులైన వీరిద్దరి రాజకీయ మార్గములు వేరు. స్నేహము మాత్రము కడదాక చెడలేదు.

శాస్త్రిగారు మొదట ఉపాధ్యాయులు. మదరాసులో ట్రిప్లికేను హిందూ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులై, ఆంగ్లభాషా పాండిత్యమునకు పేరొందిరి. ఆ ఉద్యోగము వదలి, గోఖలేగారు పూనాలో నెలకొల్పిన భారత సేవక సంఘమున 1907లో చేరిరి. 1915లో గోఖలేగారు దివంగతులు కాగా దానికి అధ్యక్షులైరి. గోఖలేను గురువుగా భావించిన గాంధీజీయు ఆ సంఘమున చేరగోరిరి. ఆయన పద్ధతులు సంఘమార్గమునకు సరిపడవని సభ్యులలో పలువురు శంకించిరి. అది గ్రహించి గాంధీజీ తమ కోరికను తామే విరమించుకొనిరి. తొలినాడే తలయెత్తిన ఈ భేదము ద్వేషముగా మారలేదు.

1919లో రౌలట్ బిల్లును శాసనసభలో నిర్భయముగా ఖండించిన శాస్త్రిగారే, దానిపై గాంధీజీ తలపెట్టిన సత్యాగ్రహమును ఆమోదింపలేదు. సహాయనిరాకరణమునకును సమ్మతింపలేదు. 1921లో ఆయన లండనులో సామ్రాజ్య మహాసభకు ప్రతినిధిగా వెళ్లి ప్రీవీ కౌన్సిలు సభ్యులైరి. 1922లో గాంధీజీ రాజద్రోహ నేరముపై ఎరవాడ చెరసాలకు వెళ్లిరి. శాస్త్రిగారిని ప్రభుత్వ పక్షపాతియని నిందించినవారు లేకపోలేదు.

1924 జనవరి 12వ తేదీ రాత్రి ఈ స్నేహమునకు పరీక్ష వచ్చెను. ఆంత్రపుచ్ఛవ్యాధితో బాధపడుచున్న గాంధీజీని చెరసాలనుండి పూనాలోని సాసూన్ ఆసుపత్రికి చేర్చిరి. శస్త్రచికిత్స తక్షణము జరుగవలెను. ఆంగ్లేయ వైద్యుని చేతిలో ఖైదీకి ప్రాణాపాయము కలిగినచో దేశమెట్లు అల్లకల్లోలమగునో ఎల్లరకు తెలియును. అట్టి వేళ గాంధీజీ పిలిపింపగోరిన కొలదిమందిలో శాస్త్రిగారొకరు. చికిత్సకు తాము సమ్మతించితిమనియు, వైద్యులు తమను ఆదరముతో చూచిరనియు తెలుపు పత్రమును గాంధీజీ శాస్త్రిగారిచేత వ్రాయించి, వణకుచేతితో సంతకము చేసిరి. చికిత్స నడుమ విద్యుద్దీపము ఆరిపోగా, లాంతరు వెలుగున దానిని ముగించిరి. ఆ పత్రమును వ్రాయుటకు ఇరుపక్షములు నమ్మదగినవాడు కావలసియుండెను. అనుచరుడెంత భక్తుడైనను ఆ పనికి చాలడు. భిన్నాభిప్రాయముగల మిత్రుడే తగినవాడు.

1927లో దక్షిణాఫ్రికాకు భారత ప్రభుత్వ ప్రథమ ప్రతినిధిగా శాస్త్రిగారు వెళ్లవలెనని గాంధీజీ పట్టుబట్టిరి. తాము ఇరువదియేండ్లు శ్రమించిన రంగమును ఆయన చేతిలో పెట్టిరి. డర్బనులోని శాస్త్రి కళాశాల ఆయన సేవకు గుర్తు. ఉప్పు సత్యాగ్రహము శాస్త్రిగారికి నచ్చలేదు. అయినను 1931లో సప్రూ, జయకర్‌గార్లతో కూడి గాంధీజీని ఇర్విన్ ప్రభువుతో సంధికి ఒప్పించుటకు పాటుపడిరి. గాంధీజీ ఆత్మకథ ఆంగ్లానువాదమును, తన పేరు వెల్లడింపరాదను నియమముతో, రెండవ కూర్పునకై సవరించినది శాస్త్రిగారేయని ప్రసిద్ధి.

తప్పని తోచినదానిని మొగముమీదనే చెప్పుట శాస్త్రిగారి స్వభావము. దానిని కోపింపక వినుట గాంధీజీ స్వభావము. ఈ రెండును కలిసినందుననే ఆ మైత్రి నిలిచినది.

1946 ఆరంభమున శాస్త్రిగారు మదరాసు ఆసుపత్రిలో మంచము పట్టియుండగా గాంధీజీ వెళ్లి చూచిరి. ఏప్రిల్ 17వ తేదీన శాస్త్రిగారు కన్నుమూసిరి. మూడు దశాబ్దముల వాదములో ఒకరినొకరు తమ త్రోవకు త్రిప్పుకొనలేకపోయిరి. శాస్త్రిగారు మితవాదిగనే మరణించిరి. ఆయనకు నివాళిని గాంధీజీ స్వయముగా హరిజన పత్రికలో వ్రాసిరి.