హెట్రజాన్ ఇచ్చిన భీమవరం సుబ్బారావుగారు

ఏలూరు కాలవల పక్కన పెరిగినవాళ్ళకి బోదకాలు కొత్త కాదు. చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే ఇంట్లో ముందు వెతికేది హెట్రజాన్ మాత్రే. పెళ్ళయి కొల్లేటి పక్క ఊరు వెళ్ళాక నా రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. మా అత్తగారు అదీ బోద గడ్డే అయ్యుంటుంది, మాత్రలు వేసుకోమన్నారు. ఆవిడ మాట మరీ కొట్టిపారేసేది కాదండోయ్. ఫైలేరియా పురుగు అరుదుగా రొమ్ములోనూ గడ్డ కట్టిస్తుంది. పైకి కాన్సర్‌లాగే కనిపించొచ్చు. ముక్క తీసి పరీక్షకి పంపితేగానీ తేలదు. నాది తీశారు, కాన్సర్ కాదన్నారు. అందరం ఊపిరి పీల్చుకుని కాగితం ఎక్కడో పడేశాం.

ఆ హెట్రజాన్ వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వెనక ఉన్నదీ ఆయనే.

1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్ మూడోసారికిగానీ గట్టెక్కలేదు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మగారు ఒంటిమీది బంగారం అమ్మి చదివించారు. ఇలాంటి కథల్లో అమ్మ నగల్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నేనూ అదే చేస్తున్నాను. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగితే ప్రొఫెసరుగారికి కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు.

1919లో అనపర్తి అమ్మాయి శేషగిరితో పెళ్ళయింది. మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేస్తే 1920ల మొదట్లో బోస్టన్‌కి ఓడెక్కారు. అక్కడ కడుపు నింపుకోడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. హార్వర్డ్‌లో ఉండగా, రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అసలు కథంతా అక్కడే జరిగింది.

కడుపుతో ఉన్నప్పుడు మనందరికీ రాసే ఫోలిక్ యాసిడ్ ఉంది చూశారా, దాన్ని 1945లో ఆయన బృందమే ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది పనిచేసింది. కానీ బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త కాన్సర్ పిల్లలకి అలాంటి మందే ఇస్తే జబ్బు ఇంకా ముదిరింది. అంటే కాన్సర్ కణానికి అది మేత అన్నమాట. అయితే మేతలా కనిపించి కడుపు నింపనిది ఇస్తే? అలా పుట్టినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. హెట్రజాన్ వచ్చింది 1947లో. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన నిద్రలోనే పోయారు. శేషగిరిగారు ఆయన్ని మళ్ళీ చూడనే లేదు. ఆయన వెళ్ళాక పుట్టిన బాబు కూడా పసితనంలోనే పోయాడు. ఆవిడ గురించి ఎవరైనా ఓ పుస్తకం రాస్తే బాగుండును.

1951లో జేన్ రైట్ అనే నల్లజాతి డాక్టరమ్మ మెథోట్రెక్సేట్‌తో రొమ్ము కాన్సర్ తగ్గడం చూపించారు. మరో రెండు మందులతో కలిపి ఇస్తే ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో మిలాన్ డాక్టర్లు ప్రకటించారు.

మొన్న తాడేపల్లిగూడెంలో మామోగ్రామ్‌కి వెళ్తే, పాత గడ్డ రిపోర్టులో ఏం రాశారని డాక్టరమ్మ అడిగారు. కాన్సర్ కాదన్నారండీ అన్నాను. అది చాలదట. మామూలు ఫైబ్రోఎడినోమా, నీటి తిత్తులు అయితే ముందుముందు కాన్సర్ ముప్పు దాదాపు పెరగదు. కణాలు గుంపుగా పెరిగిన రకమైతే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. వాటి రూపు కూడా మారి, ఎటిపికల్ హైపర్‌ప్లాసియా అని రాసి ఉంటే సుమారు 4 రెట్లు. అంతమాత్రాన వచ్చి తీరుతుందని కాదు. ఎన్నాళ్ళకోసారి చూపించుకోవాలో ఆ ఒక్క మాటని బట్టి చెప్తారు. ఇంట్లో అమ్మకో అక్కకో ఉందా అని కూడా అడుగుతారు.

నా కాగితం ట్రంకుపెట్టెలో లేదు, బీరువాలోనూ లేదు. సోమవారం ఏలూరు వెళ్ళి, ఆ ల్యాబులో పాత రిజిస్టరు ఉంచారేమో అడిగి వస్తాను.