ఎడోవార్డో పెరొంచిటో

ఎడోవార్డో పెరొంచిటో (1847 మార్చి 1 - 1936 నవంబరు 4) ఇటలీ దేశానికి చెందిన పశువైద్యుడు, పరాన్నజీవి శాస్త్రవేత్త. నేడు బర్డ్ ఫ్లూ అని పిలుస్తున్న కోళ్ళ వ్యాధిని 1878లో మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

తొలి జీవితం

ఈయన ఇటలీ వాయవ్య భాగంలోని పీడ్మాంట్ ప్రాంతంలో, వియాలె గ్రామంలో జన్మించాడు. 1867లో ట్యూరిన్ పశువైద్య కళాశాల నుండి పట్టా పొంది, అనంతరం అక్కడే వ్యాధుల వలన అవయవాలలో కలిగే మార్పులను గురించి బోధించాడు. 1879లో పరాన్నజీవి శాస్త్ర ఆచార్య పదవిని చేపట్టాడు.

కోళ్ళ మహమ్మారి

1878లో ట్యూరిన్ పరిసరాలలో కోళ్ళు పెద్దసంఖ్యలో మరణించసాగాయి. వైరస్ అనే భావనే లేని కాలమది. చనిపోయిన కోడిని కోసి చూడటం, రక్తాన్నీ కణజాలాన్నీ సూక్ష్మదర్శిని కింద పరిశీలించటం తప్ప పరిశోధకునికి వేరే మార్గం లేదు. పెరొంచిటో ఆ పని చేసి, వేగంగా వ్యాపించే ఈ ప్రాణాంతక వ్యాధి వివరాలను ప్రచురించాడు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అదే కాలంలో కోళ్ళ కలరా అనే మరొక వ్యాధి కూడా ప్రబలి ఉండేది. రెండింటిలోనూ కోళ్ళు హఠాత్తుగా మరణిస్తాయి, జుట్టు నల్లబడుతుంది, గుండె మీది కొవ్వులో రక్తపు చుక్కలు కనిపిస్తాయి. కలరాలో మాత్రం కాలేయం మీద సూదిమొన వంటి తెల్లని మచ్చలు ఏర్పడటం, రక్తంలో సూక్ష్మక్రిములు కనిపించటం సాధారణం. కలరా కోళ్ళ కణజాలంలో గుండ్రని క్రిములను చూసినవారిలో పెరొంచిటో కూడా ఒకడు. లూయీ పాశ్చర్ 1880లో టీకాను రూపొందించినది ఈ క్రిమితోనే.

రెండు వ్యాధులనూ స్పష్టంగా వేరు చేసిన ఘనత 1880లో రివోల్టా, డెల్‌ప్రాటో అనే మరో ఇద్దరు ఇటలీ శాస్త్రవేత్తలకు దక్కుతుంది. కనుక బర్డ్ ఫ్లూను పెరొంచిటో ఒక్కడే కనుగొన్నాడనటం అతిశయోక్తి. బాక్టీరియాను ఆపే వడపోత గుండా కూడా ఈ వ్యాధికారకం పోగలదని 1901లో చెంతాని, సవొనుజ్జి నిరూపించారు. అది ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ అని 1955లో గాని తేలలేదు.

సొరంగ కార్మికుల పాండురోగం

స్విట్జర్లాండులోని గొతార్డ్ సొరంగం తవ్వకంలో కార్మికులు తీవ్రమైన రక్తహీనతతో మరణించసాగారు. దీనికి కొంకిపురుగులే కారణమని 1880లో ఈయన చూపాడు. బతికి ఉండగా ఈయనకు ఎక్కువ పేరు తెచ్చినది ఈ పరిశోధనే.

కణజాల నష్టం, నేటి నిర్ధారణ

పెరొంచిటో చూసిన నష్టానికి కారణం తరువాతి శతాబ్దంలో తెలిసింది. వైరస్ ఉపరితలంపై ఉండే ప్రోటీను ఒకచోట తెగితేనే అది కణంలోనికి ప్రవేశించగలదు. తక్కువ తీవ్రత గల రకాలలో ఆ ప్రోటీనును తెంచే ఎంజైములు ముఖ్యంగా శ్వాసనాళంలోను, పేగులలోను ఉంటాయి. తీవ్రమైన రకాలలో ఆ ప్రోటీనును దాదాపు అన్ని కణాలలోనూ ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము తెంచగలదు. అందువలన మెదడు, గుండె, క్లోమం వంటి అవయవాలలో కూడా కణాలు చనిపోతాయి. రక్తనాళాల గోడలు దెబ్బతిని తల వాస్తుంది, కాళ్ళ మీద రక్తపు మరకలు ఏర్పడతాయి. విచిత్రమేమంటే, మరీ త్వరగా మరణించిన కోడిలో కంటికి కనిపించే నష్టం దాదాపు ఉండకపోవచ్చు.

తెలుగు ప్రాంతాలలో ఈ నిర్ధారణకు రాణిఖేత్ వ్యాధి ప్రధానమైన అడ్డంకి. జీర్ణాశయపు గ్రంథుల మీద రక్తపు చుక్కలు రెండింటిలోనూ కనిపిస్తాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లకు ఆవల ఉన్న తొర్రూరు గ్రామంలో (అప్పటి హయత్‌నగర్ మండలం) కోళ్ళు మరణించినపుడు, భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థకు నమూనాలను పంపగా అది హెచ్5ఎన్1 అని తేలింది. ఆ తరువాత లక్షకు పైగా కోళ్ళను చంపి పూడ్చివేశారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలోనూ ఇదే వైరస్ బయటపడింది. ఇటువంటి అనుమానం ఉన్నచోట రైతులు చనిపోయిన కోడిని స్వయంగా కోసి చూడరాదు. తెరిచిన కణజాలం నుండి వైరస్ మనుషులకు సోకే ప్రమాదం ఉన్నందున నమూనాలను రక్షణ దుస్తులు ధరించిన పశువైద్య సిబ్బందే సేకరిస్తారు.