ఖుర్‌ఆన్ ఉస్తాద్, ఎడారి యోధుడు: ఉమర్ ముఖ్తార్ (రహ్మ)

దివ్య ఖుర్‌ఆన్ నేర్పే ఉస్తాద్ అనగానే మన కళ్ల ముందు ఒక ప్రశాంతమైన రూపం మెదులుతుంది. మస్జిద్‌లో పరచిన చాప, చుట్టూ పిల్లలు, వారి చేతుల్లో ఖాయిదాలు. అలాంటి ఉస్తాదే ఒకరు, యాభై ఏళ్లు దాటిన వయసులో, ఐరోపాకు చెందిన ఒక పెద్ద రాజ్యాన్ని ఇరవై ఏళ్లపాటు ఎదుర్కొన్నారంటే నమ్మబుద్ధి కాదు. కాని ఇది కట్టుకథ కాదు, చరిత్ర. ఆయనే లిబియా దేశానికి చెందిన షేఖ్ ఉమర్ అల్ ముఖ్తార్ (రహ్మ). ఆ మహనీయుని జీవితాన్ని, మరణాన్ని ఈసారి తెలుసుకుందాం.

బాల్యం, విద్యాభ్యాసం

తూర్పు లిబియాను అరబ్బులు బర్ఖా అంటారు. 1860 ప్రాంతంలో అక్కడి మనిఫా తెగలో, ఒక ధార్మిక కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రి హజ్ యాత్రకు బయలుదేరి దారిలోనే కన్నుమూశారు. యతీమ్ అయిన ఉమర్‌ను తండ్రి కోరిక మేరకు గర్యానీ వంశానికి చెందిన ఒక షేఖ్ చేరదీసి చదివించారు. తర్వాత ఆయన జగ్బూబ్ పట్టణానికి వెళ్లి దాదాపు ఎనిమిదేళ్లు ధార్మిక విద్య అభ్యసించారు.

జగ్బూబ్ అప్పట్లో సనూసీ ఉద్యమానికి కేంద్రం. ఆ ఉద్యమం ఎడారి అంతటా జావియాలు నెలకొల్పింది. ఒక్కో జావియాలో మస్జిద్, మద్రసా, ముసాఫిర్‌ఖానా, సేద్యపు భూమి ఉండేవి. 1897లో ఖసూర్ అనే చోట ఉన్న జావియాకు ఉమర్ ముఖ్తార్‌ను షేఖ్‌గా నియమించారు. పిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పడం, తెగల మధ్య తగాదాలు తీర్చడం ఆయన దినచర్య. ఆయన ఏడు రోజులకొకసారి ఖుర్‌ఆన్ పారాయణం పూర్తిచేసేవారని చెబుతారు. మధ్యలో కొంతకాలం చాద్ ప్రాంతానికి వెళ్లి, అక్కడ ఫ్రెంచి దండయాత్రను ఎదిరించిన సనూసీలతో కలిసి పనిచేశారు.

దండెత్తి వచ్చిన ఇటలీ

1911 అక్టోబరులో ఇటలీ సైన్యం లిబియా తీరంలో దిగింది. లోకంలో తొలిసారి విమానం నుండి బాంబులు పడింది ఆ యుద్ధంలోనే. 1912లో ఉస్మానియా ప్రభుత్వం ఇటలీతో సంధి చేసుకుని వెనుదిరిగింది. ఆ వార్తలు మన దేశ ముస్లింలను కూడా కలచివేశాయి. మౌలానా ఆజాద్ తన అల్ హిలాల్ పత్రికలో త్రిపోలీ గురించి రాశారు. ఆ యుద్ధంలో గాయపడినవారికి నీళ్లు అందిస్తూ ప్రాణాలు విడిచిన ఫాతిమా అనే బాలికపై అల్లామా ఇక్బాల్ కవిత రాశారు.

సుల్తాను సైన్యం వెళ్లిపోయినా స్థానిక తెగలు పోరు విడువలేదు. 1922లో ముసోలినీ అధికారానికి వచ్చాక ఇటలీ పాత ఒప్పందాలన్నిటినీ పక్కన పెట్టింది. సనూసీల అమీర్ ఇద్రీస్ ఈజిప్టు వెళ్లిపోవలసి వచ్చింది. బర్ఖాలో పోరాట బాధ్యత ఉమర్ ముఖ్తార్ భుజాలపై పడింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు దాటాయి.

రాత్రి ప్రభుత్వం

జబల్ అఖ్‌దర్ అనే పచ్చని కొండసీమ ఆయన స్థావరం. తెగలవారీగా చిన్న దళాలను ఏర్పరచారు. ఆ యోధులు ఎన్నడూ కొద్ది వేలకు మించలేదు. చివరి రోజుల్లో కొన్ని వందలే మిగిలారు. ఎదుట ఫిరంగులు, సాయుధ వాహనాలు, విమానాలు. అయినా శత్రువు ఊహించని చోట దెబ్బతీసి, లోయల్లో, గుహల్లో కలిసిపోయేవారు.

ఆయన అసలు బలం ప్రజలే. ఇటలీకి లొంగిపోయామని పగలు చెప్పిన వారే రాత్రివేళ గోధుమలు, గుర్రాలు, మనుషులను పంపేవారు. ఆయన మనుషులు ఉష్ర్, జకాత్ వసూలు చేసి రసీదులు కూడా ఇచ్చేవారు. పగలు ఇటలీ ప్రభుత్వం, రాత్రి ఉమర్ ముఖ్తార్ ప్రభుత్వం అన్నట్టుగా సాగింది. వసూలైన సొమ్ము ప్రజల అమానత్ అని అందరికీ తెలిసేలా లెక్క ఉండటమే ఆ నమ్మకానికి మూలం.

1929లో ఇటలీ గవర్నర్ బడోలియో ఆయనతో చర్చలు జరిపాడు. కొన్నాళ్లు కాల్పులు ఆగాయి. ఇటలీ ఇవ్వజూపింది వ్యక్తిగత సౌకర్యాలు. ఆయన అడిగింది ప్రజల హక్కులు. ఆ సంధి నిలవలేదు.

ముళ్లకంచెలు

1930లో జనరల్ గ్రాజియానీ బర్ఖాకు వచ్చాడు. యోధులను పట్టలేక వారి వెనుకనున్న ప్రజలపై పడ్డాడు. జావియాలను మూయించి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. కొండసీమలోని దాదాపు లక్షమంది ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను వారి పశువులతో సహా తోలుకెళ్లి సులూఖ్, మగ్రూన్, అగేలా వంటి చోట్ల ముళ్లకంచెల శిబిరాల్లో బంధించాడు. ఆకలితో, జబ్బులతో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. పశుసంపద నాశనమైంది. 1931లో ఈజిప్టు సరిహద్దు వెంబడి సుమారు 270 కిలోమీటర్ల ముళ్లకంచె వేసి సాయం వచ్చే దారి మూసివేశాడు. అదే ఏడాది జనవరిలో కుఫ్రా కూడా శత్రువు వశమైంది.

ఆ రోజుల్లోనే ముహమ్మద్ అసద్ రహస్యంగా వచ్చి ఆయనను కలిశారు. ఆస్ట్రియాలోని యూదు కుటుంబంలో పుట్టి ఇస్లామ్ స్వీకరించిన పండితుడాయన. ఈజిప్టు వెళ్లిపోయి బలం కూడగట్టుకోమని నచ్చజెప్పారు. ఉమర్ ముఖ్తార్ ఒప్పుకోలేదు. తమను నమ్మిన ప్రజలను విడిచి వెళ్లడం ఆయనకు సమ్మతం కాలేదు.

ఇక్కడ మనలో కొందరికి ఒక ప్రశ్న రావచ్చు. శిబిరాల్లో అంతమంది చనిపోతుంటే ఆయన లొంగిపోతే బాగుండేది కదా అని. ఇది తేలికైన ప్రశ్న కాదు. ఆ బాధ ఆయన మనసునూ కోసివేసి ఉంటుంది. కాని కంచె వేసిన చేతిని వదిలి, కంచెలోని వారి కోసం నిలబడిన మనిషిని దోషిగా నిలపడం న్యాయం కాదు. లొంగిపోయిన తెగలు కూడా శిబిరాలకు పోయిన సంగతి మరువరాదు.

షహాదత్

1931 సెప్టెంబరు 11న స్లంతా సమీపంలో జరిగిన పోరులో ఆయన గుర్రం తూటా తగిలి కూలింది. గాయపడిన ఆయనను పట్టుకున్నారు. బెన్‌గాజీలో సెప్టెంబరు 15న విచారణ అనే తంతు కొద్ది గంటల్లో ముగిసింది. ఇటలీ ప్రభుత్వానికి తానెన్నడూ లొంగలేదని, యుద్ధం చేసిన మాట నిజమేనని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. ఆయన తరఫున వాదించడానికి నియమితుడైన ఇటలీ సైనికాధికారే, ఈయన ద్రోహి కాదు, యుద్ధఖైదీ అని వాదించాడు. ఫలితం లేకపోయింది. మరణశిక్ష విన్న ఆ వృద్ధుని నోట, విపత్తు వేళ విశ్వాసి పలికే మాటలే వెలువడ్డాయి.

మరునాడు, సెప్టెంబరు 16న, సులూఖ్ శిబిరంలో దాదాపు 20 వేలమంది బందీలను చుట్టూ నిలబెట్టి, వారి కళ్లెదుట ఆయనను ఉరితీశారు. అప్పుడాయన వయసు డెబ్బై దాటింది. ఈజిప్టు మహాకవి అహ్మద్ షౌఖీ ఆయనపై స్మృతిగీతం రాశారు.

1932 జనవరిలో ఇటలీ తన విజయాన్ని ప్రకటించుకుంది. పన్నెండేళ్లు తిరగకముందే దాని సైన్యం లిబియా విడిచిపోయింది. 1951 డిసెంబరు 24న లిబియా స్వతంత్రమైంది. 2008లో ఇటలీ ప్రధాని బెన్‌గాజీకి వచ్చి వలసపాలన నాటి దౌర్జన్యాలకు క్షమాపణ చెప్పుకున్నారు.

మనం నేర్వవలసినది

సోదర సోదరీమణులారా! ఈ జీవితాన్ని చదివి ఆవేశపడటం సులభం. ఆలోచించడం అవసరం. ఉమర్ ముఖ్తార్ తన గడ్డపైకి దండెత్తి వచ్చిన సైన్యంతో, తమ అమీర్ అప్పగించిన బాధ్యతతో, బహిరంగంగా పోరాడారు. స్త్రీలు, పిల్లలు, పోరులో లేనివారి జోలికి పోరాదన్నది మహాప్రవక్త (స) నేర్పిన యుద్ధనీతి. అమాయకుల ప్రాణాలు తీసి దానికి జిహాద్ అని పేరు పెట్టేవారికి ఈ మహనీయుని పేరు వాడుకునే హక్కు లేదు.

మనకు ఆయనలా కొండలెక్కే అవసరం రాలేదు. కాని ఆశ చూపినప్పుడు అమ్ముడుపోకపోవడం, పదిమంది సొమ్ముకు లెక్క చూపడం, కష్టకాలంలో మనల్ని నమ్మినవారిని విడువకపోవడం, న్యాయస్థానంలో నిజమే చెప్పడం ప్రతి ఇంట్లోనూ అవసరమైన గుణాలే. ఖుర్‌ఆన్ ముందు ఆయన గుండెలోకి దిగింది, తర్వాతే ఆయన నిలదొక్కుకోగలిగారు. మన పిల్లలకు ఖుర్‌ఆన్ చదవడంతో పాటు ఈ గుణాలనూ నేర్పుదాం.

అల్లాహ్ ఆ అమరుని స్వీకరించుగాక! మనకు సహనాన్ని, సత్యంపై స్థిరత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.