పోత ఇనుప పాత్రల నిర్మాత – అబ్రహాం డార్బీ

వంటపాత్రకు ఒక చరిత్ర ఉంటుందని సామాన్యంగా ఎవరూ తలపోయరు. రాజుల ఖడ్గాలకు, కిరీటాలకు దక్కిన గౌరవం అన్నం వండిన కుండకు దక్కలేదు. అయినా పారిశ్రామిక విప్లవ గాథను మొదటినుండి చెప్పదలచినవారు ఒక ఇనుప కుండ దగ్గర ఆగక తప్పదు. ఆ కుండను పోతపోసినవాడు అబ్రహాం డార్బీ.

ఆయన 1678లో ఇంగ్లాండులోని డడ్లీ పట్టణ సమీపాన జన్మించాడు. తండ్రి జాన్ డార్బీ వ్యవసాయంతోపాటు తాళాలు తయారుచేసే వృత్తిని కూడా సాగించేవాడు. వారిది క్వేకర్ మతశాఖ. ఆడంబరాన్నీ, యుద్ధాన్నీ, ప్రమాణం చేయడాన్నీ నిరాకరించే ఆ శాఖవారికి నాటి ఇంగ్లాండులో విశ్వవిద్యాలయ పట్టాలు, ప్రభుత్వ పదవులు అందనివి. అందుచేత వారిలోని ప్రతిభావంతులు చేతిపనులను, వాణిజ్యాన్ని ఆశ్రయించారు.

బాల్యంలోనే డార్బీ బర్మింగ్‌హాములో ధాన్యపు మాల్టును నలిపే మరలు తయారుచేసే క్వేకర్ వద్ద శిష్యుడుగా చేరాడు. మాల్టును నేలబొగ్గు మంటపై ఆరబెడితే పొగకంపు పడుతుంది. అందువల్ల ఆ వృత్తివారు బొగ్గును ముందుగా కాల్చి, గంధకం మొదలైన మలినాలను పోగొట్టి, కోక్‌గా మార్చి వాడేవారు. కాలాంతరంలో ఇనుప కొలిమి ముందు నిలిచినపుడు ఈ పరిచయమే ఆయనకు అక్కరకు వచ్చి ఉంటుంది.

1699లో మేరీ సార్జెంటును వివాహమాడి, డార్బీ బ్రిస్టల్ నగరానికి తరలి వెళ్ళాడు. 1702లో మిత్రులతో కలిసి ఇత్తడి కర్మాగారం స్థాపించాడు. అందులో పనిచేయడానికి హాలెండునుండి పనివారిని రప్పించాడు. ఇత్తడి పాత్ర నాణ్యమైనదే గాని పేదవాని ఇంటికి అది దూరం. చౌకగా దొరికే ఇనుముతో అదే పాత్రను పోయగలిగితే ప్రతి పొయ్యి మీదా ఒక కుండ ఉంటుందని ఆయన తలంపు. అయితే ఆ ప్రయత్నం పలుమార్లు విఫలమయింది. ఆ పనివారి లోపాన్ని కనిపెట్టినవాడు జాన్ థామస్ అనే వేల్స్ దేశపు కుర్రవాడని, తాను ప్రయత్నిస్తానని యజమానితో విన్నవించుకొని ఆ రాత్రే పాత్రను పోసి చూపాడని థామస్ వంశీయులు తరతరాలుగా చెప్పుకున్నారు. రహస్యం పొక్కకుండా తలుపులకు తాళం వేసి, తాళపు రంధ్రాన్ని సైతం మూసి పనిచేసేవారట!

అంతకు పూర్వం ఇనుప కుండలను మట్టి మూసల్లో పోసేవారు. ఒక్క కుండకోసం ఒక మూసను చేయాలి, ఆరబెట్టాలి, చివరకు పగులగొట్టాలి. డార్బీ పద్ధతిలో విడదీయగల నమూనాను ఇసుక నింపిన పెట్టెలో అదిమి, నమూనాను తీసివేసి, ఏర్పడిన ఖాళీలో కరిగిన ఇనుమును పోస్తారు. అదే నమూనాతో ఎన్ని కుండలైనా పోయవచ్చు. 1707లో ఈ విధానానికి పద్నాలుగేండ్ల పేటెంటు లభించింది.

కాని భాగస్వాములు ఇనుము మీద డబ్బు పెట్టడానికి వెనుకాడారు. నిలకడైన ఇత్తడి వ్యాపారాన్ని వదలి, భార్యాబిడ్డలతో కొత్తచోటికి పోవడం సాహసమే. డార్బీ ఆ సాహసానికి సిద్ధపడ్డాడు. సెవెర్న్ నది చెంత కోల్‌బ్రూక్‌డేల్ లోయలో పాడుపడిన కొలిమిని 1708లో కౌలుకు తీసుకొని బాగుచేయించాడు. 1709 జనవరిలో దానిని కట్టెబొగ్గుతో గాక కోక్‌తో రాజేశాడు. అక్కడి బొగ్గులో గంధకం తక్కువ కావడం ఆయన అదృష్టం. కోక్ కొలిమినుండి వచ్చిన ఇనుములో సిలికాన్ అధికం. అది నీరువలె పలుచగా పారి, సన్నని గోడల పాత్రకు చక్కగా ఒదిగింది. సాగగొట్టే కమ్మరిపనికి మాత్రం అది అంతగా పనికిరాలేదు. ఇతర కొలిముల యజమానులు దశాబ్దాలపాటు ఈ మార్గాన్ని అనుసరించకపోవడానికి అదొక కారణం. లోకానికి కోక్ ఇనుము విలువ తెలియనంత కాలం ఈ కుండలే ఆ కొలిమిని నిలిపాయి.

డచ్ ఓవెన్ అనే బరువైన మూతగల పోత ఇనుప పాత్రకు ఆ పేరు హాలెండు పోతపని మూలంగానే వచ్చిందని పలువురి అభిప్రాయం. అటువంటి పాత్రను ఎంచుకొనేవారు గోడల మందం అంతటా సమంగా ఉన్నదా, లోపల బుడగల గుంటలున్నవా, మూత సరిగా కూర్చుంటున్నదా అని పరీక్షించాలి. మన ఇనుప పెనాన్ని పదునుపెట్టే గృహిణికి దాని సంరక్షణ కొత్తగా నేర్పనక్కరలేదు: పలుచగా నూనె పూసి బాగా కాచాలి, కడిగిన వెంటనే తడి ఆర్పాలి, పులుసును అందులో నిలవ ఉంచరాదు, కాలుతున్న పాత్రపై చన్నీళ్ళు పోయరాదు. ఇనుము గట్టిదే గాని పోత ఇనుము పెళుసు.

1715లో రెండవ కొలిమి వెలసింది. ఇంతలో ఆరోగ్యం క్షీణించి, 1717 మే నెలలో ముప్పది తొమ్మిదవ యేట డార్బీ కన్నుమూశాడు. కట్టించుకొంటున్న ఇంట అడుగుపెట్టే యోగం ఆయనకు లేకపోయింది. వీలునామా లేదు, పెద్దకొడుకు ఆరేండ్లవాడు, మరుసటి సంవత్సరమే భార్య కూడా మరణించింది. కర్మాగారం అల్లుడు రిచర్డ్ ఫోర్డు, భాగస్వామి గోల్డ్నీల చేతుల్లో నిలిచింది. జాన్ థామస్ కుటుంబం డార్బీల కొలువును విడువలేదు. పెరిగి పెద్దవాడైన ఆ కుమారుడు కోక్ ఇనుమును కమ్మరిపనికి సైతం యోగ్యం చేశాడు. మనుమడు 1779లో సెవెర్న్ నదిపై పోత ఇనుప వంతెనను నిలిపాడు. కోల్‌బ్రూక్‌డేల్‌లో పోతపని 2017 వరకు సాగింది. తాత రాజేసిన తొలి కొలిమి నేడు మ్యూజియంలో కప్పు కింద భద్రంగా ఉంది.