పొల్లు మాటలను చెరిగిన ఉద్యోగి

కచేరీ నుండి తాఖీదు రావడం ఒక ఎత్తు, అందులో ఏమున్నదో గ్రహించడం మరొక ఎత్తు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన నాళ్లలో ఇంగ్లండు ప్రజల అవస్థ ఇదే. పింఛను, బీమా, ఇల్లు, ఆహారపు కూపన్లు అన్నిటికీ సర్కారుతో ఉత్తరప్రత్యుత్తరాలే. జవాబులు మాత్రం సామాన్యునికి కొరుకుడుపడని భాషలో ఉండేవి. ఈ చిక్కు విప్పబూనినవాడు భాషాపండితుడు కాడు. నలభై యేండ్లు ఆ కచేరీలలోనే కాగితాలు వ్రాసిన ప్రభుత్వోద్యోగి సర్ ఎర్నెస్టు గవర్స్.

ఆయన 1880లో లండనులో జన్మించాడు. తండ్రి సర్ విలియం గవర్స్ నాడీవ్యాధుల వైద్యంలో లోకప్రసిద్ధుడు. సంక్షిప్తలిపి అంటే ఆయనకు ప్రాణం. అక్షరం వృథా కారాదనే పట్టుదల కుమారునికి అక్కడినుండే అబ్బిందేమో! కేంబ్రిడ్జిలో చదువు ముగించి 1903లో కొలువులో చేరాడు. మన దేశవ్యవహారాలు చూచే ఇండియా ఆఫీసులో కొంతకాలం పనిచేశాడు. లాయిడ్ జార్జికి కార్యదర్శి అయ్యాడు. తరువాత గనుల శాఖ, పన్నుల శాఖ. యుద్ధకాలంలో లండను పౌరరక్షణ భారం ఆయనపై పడింది. నెత్తిన బాంబులు పడుతూ ఉంటే ఆజ్ఞను రెండుసార్లు చదువుకొనే వ్యవధి ఎవరికుంటుంది?

యుద్ధానంతరం ఖజానా శాఖవారి కోరికపై ఆయన వ్రాసిన 'ప్లెయిన్ వర్డ్స్' 1948లో వెలువడింది. చిన్న పుస్తకం, వెల రెండు షిల్లింగులు. గుమాస్తాలకని వ్రాసినదానిని జనమంతా ఎగబడి కొన్నారు; ఏడాది తిరగకుండా లక్షకుపైగా ప్రతులు చెల్లిపోయాయి.

పనికి అడ్డుతగిలే ఇరుకును ఆనాటి అధికారులు 'బాటిల్‌నెక్' అనేవారు. సీసామెడతో ఆ పోలిక మొదట చక్కనిదే. నోళ్లలో నలిగినకొద్దీ అందులోని చిత్రం మాసిపోయింది. అందుచేతనే అతి పెద్ద సీసామెడను గూర్చి గంభీరంగా వ్రాసేవారు బయలుదేరారు. మెడ పెద్దదైతే అడ్డు తగ్గాలి కదా! 'టార్గెట్' గతీ అంతే. గురిని కొట్టాలి గాని, వెంబడించి అందుకోవడమేమిటి? వర్తకుల ఉత్తరాలలోని అరిగిపోయిన మర్యాదలను సైతం గవర్స్ విడిచిపెట్టలేదు.

అయితే గుమాస్తాను పరిహసించడం ఆయన పద్ధతి కాదు. తాను వ్రాసినది రేపు తనకే చుట్టుకుంటుందనే భయంతో ఆ అల్పజీవి తయారుమాటల చాటున దాగుకొంటాడని ఆయనకు స్వానుభవంవల్ల తెలుసు. చెప్పదలచినదేదో ముందు తనకు తేటపడాలనీ, పిమ్మట చదివేవాని స్థానంలో నిలిచి చూచుకోవాలనీ ఆయన బోధించాడు.

1949లో మరణశిక్షను పరిశీలించే రాజసంఘానికి ఆయనను అధ్యక్షునిగా నియమించారు. అంతకుముందు ఆ విషయంపై ఆయనకు దృఢమైన అభిప్రాయం లేదు. నాలుగేండ్లు సాక్ష్యాలు విన్నాడు. ఉరిశిక్షకు విరోధి అయ్యాడు. సంఘ నివేదికలో చెప్పే అధికారం లేని ఆ మాటను 1956లో స్వంత గ్రంథంలో నిష్కర్షగా చెప్పాడు.

ఆపైన ఫౌలరు రచించిన ఆంగ్లప్రయోగ నిఘంటువును సంస్కరించడానికి పూనుకున్నాడు. అది 1965లో అచ్చయింది. మరుసటి ఏట ఆయన కన్నుమూశాడు. ఆయన చిన్న పుస్తకం పెరిగి 'కంప్లీట్ ప్లెయిన్ వర్డ్స్' అయింది. దానిని 2014లో మళ్లీ సవరించి వెలువరించినది ఆయన మునిమనుమరాలు రెబెకా గవర్స్.